గేర్లు ముందా, ట్యూన్ ముందా?

అమెరికాలో చదువు ముగించి ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్లు చాలామంది మొదట కామ్రీయో అకార్డో కొంటారు. కాస్త నిలదొక్కుకున్నాక మనసు మస్టాంగ్ మీదికి పోతుంది. కొత్తది అందకపోతే 2005–2010 మధ్య వచ్చిన 4.6 లీటర్ల వీ8 జీటీ పాత బండ్ల బజారులో దొరుకుతుంది. కొన్న కొద్దిరోజులకే తోటివాళ్ల నుంచి రెండు సలహాలు వస్తాయి. వెనక ఆక్సిల్‌లో ఉన్న 3.55 గేర్లు తీసేసి 3.73 గానీ 4.10 గానీ వేయించమంటారు ఒకరు. కంప్యూటర్‌లో ట్యూన్ మార్పించమంటారు ఇంకొకరు. డబ్బు ఒకదానికే సరిపోతుంది కాబట్టి ఏది ముందు అన్న వాదన మొదలవుతుంది.

ఈ వాదన తరతరాలుగా సాగుతోంది గానీ, రెంటినీ వేర్వేరు సరుకులుగా చూడటం వల్లనే తేలడం లేదు. గేర్లయినా ట్యూనయినా తేల్చాల్సిన విషయం ఒకటే. రోజూ తిరిగే రోడ్డు మీద ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర తిరుగుతోంది, దాని అసలు బలం ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర ఉంది, ఆ రెంటికీ మధ్య దూరం ఎంత? ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే పర్సు తీయాలి.

డ్రైవ్‌షాఫ్ట్ చివర ఉండే చిన్న గేరు పినియన్. దానితో కలిసి తిరిగే పెద్ద పళ్లచక్రాన్ని మన లారీ మెకానిక్కులు క్రౌన్ అంటారు, అమెరికాలో రింగ్ గేర్ అంటారు. రింగ్‌కి 39 పళ్లు, పినియన్‌కి 11 ఉంటే 3.55. అవే 41, 11 అయితే 3.73. 41, 10 అయితే 4.10. అంకె పెరిగేకొద్దీ చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ ఎక్కువసార్లు తిరగాలి. బదులుగా చక్రం దగ్గర తిప్పే బలం, అంటే టార్క్, అదే పాళ్లలో పెరుగుతుంది. గేర్ల సైకిల్ మీద ఎత్తు ఎక్కినవాళ్లకి ఈ బేరం కాళ్లకే తెలుసు. అయితే ఆక్సిల్ గేర్లు ఇంజిన్‌కి ఒక్క హార్స్‌పవర్ కూడా కలపవు. ఉన్న బలాన్ని ఏ వేగం దగ్గర వాడుకోవాలో మారుస్తాయి, అంతే. 3.55 నుంచి 3.73కి మారితే చక్రం దగ్గర టార్క్ 5 శాతం పెరుగుతుంది. 4.10కి మారితే 15 శాతం పైచిలుకు. ఇది ఎవరి మాటా నమ్మనక్కరలేని లెక్క.

ఈ పళ్ల వెనక చరిత్ర ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో గ్లీసన్ కంపెనీ 1920లలో హైపాయిడ్ గేర్లు కోసే యంత్రాలు తయారు చేసింది. పినియన్‌ని రింగ్ మధ్యరేఖ కంటే కిందికి దించి అమర్చే పద్ధతి అది. కార్లలో దాన్ని మొదట వాడిన కంపెనీ ప్యాకార్డ్. డ్రైవ్‌షాఫ్ట్ కిందికి దిగింది, దానితో పాటు కారు నేల, ఎత్తు తగ్గాయి. కానీ హైపాయిడ్ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రాసుకుంటాయి కూడా. ఆ రాపిడికి ప్రత్యేకమైన నూనె కావాలి, అమరిక తప్పుపోకూడదు. గేర్లు మార్చే పని ఈనాటికీ నిపుణుల పనిగానే మిగలడానికి మూలం ఇక్కడుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాలిఫోర్నియా ఎండు సరస్సుల మీద, పాత విమానాశ్రయాల రన్‌వేల మీద కుర్రాళ్లు కార్లు పరిగెత్తించిన రోజుల నుంచీ ఆక్సిల్ మార్చడం ఉంది. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి ఆ పరుగుని వీధుల నుంచి రేసుల కోసమే ఉంచిన స్ట్రిప్‌లకి మళ్లించాడు. పావు మైలు గీత దాటే సరికి ఇంజిన్ తన పైహద్దుకి దగ్గరగా ఉండేలా ఆక్సిల్ ఎంచుకోవడం అక్కడ మొదటి పాఠం. అయితే మామూలు మనిషి కారులో గేర్లు మార్చాలన్న ఆలోచన ఇంటింటికీ పాకడానికి కారణం రేసులు కావు. చమురు.

1973 చమురు సంక్షోభం తర్వాత, 1974 జనవరిలో నిక్సన్ సంతకంతో దేశమంతటా గంటకి 55 మైళ్ల హద్దు వచ్చింది. 1975 చట్టం కార్ల కంపెనీలకి సగటు మైలేజీ లక్ష్యాలు పెట్టింది. ఆ లక్ష్యం అందుకోవడానికి చవకైన దారి ఆక్సిల్ అంకె తగ్గించడం. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, పెట్రోలు మిగులుతుంది. ఫలితం 1980ల మస్టాంగ్‌లో కనబడుతుంది. 1987 నుంచి 225 హార్స్‌పవర్ ఇచ్చిన 5.0 లీటర్ల వీ8కి, మాన్యువల్ గేర్‌బాక్స్‌తో కొంటే, వెనక మామూలుగా వచ్చేది 2.73 ఆక్సిల్. అయిదో గేరు నిష్పత్తి 0.68. అప్పటి టైరు కొలతతో లెక్క కడితే 55 మైళ్ల వేగం దగ్గర ఇంజిన్ తిరిగేది దాదాపు 1,340 ఆర్‌పీఎమ్ మాత్రమే. అంత పెద్ద ఇంజిన్ కునుకు తీస్తున్నట్టే లెక్క. ఆ కారులో 3.73 వేయిస్తే చక్రం దగ్గర టార్క్ దాదాపు 37 శాతం పెరిగింది, అదే 55 దగ్గర ఆర్‌పీఎమ్ 1,830కి చేరింది. మొదటి గేరూ ఆక్సిలూ కలిపిన గుణకారం 9.1 నుంచి 12.5కి పెరిగింది. కారు స్వభావమే మారిపోయింది. గేర్లు మార్చడం అన్నిటికంటే లాభసాటి మార్పు అన్న పేరు ఆ తరం కార్ల వల్ల వచ్చింది, వాటికి ఆ పేరు న్యాయమే.

ఆ పేరు పట్టుకుని నేటి కార్లకి అదే మందు రాయడం దగ్గరే నాకు అభ్యంతరం.

2005 జీటీ సంగతి చూడండి. దాని ఇంజిన్ 300 హార్స్‌పవర్‌ని 5,750 ఆర్‌పీఎమ్ దగ్గర, 320 పౌండ్-అడుగుల టార్క్‌ని 4,500 దగ్గర ఇస్తుంది. మాన్యువల్‌తో 3.55 ఆక్సిల్ వచ్చింది. అంటే ఫ్యాక్టరీయే సగం పని చేసి పంపింది. 27 అంగుళాల టైరుతో, అయిదో గేరులో 70 మైళ్ల వేగం దగ్గర ఇంజిన్ సుమారు 2,100 ఆర్‌పీఎమ్ తిరుగుతుంది. 3.73తో 2,210. 4.10తో 2,430. మొదటి మార్పు 110 ఆర్‌పీఎమ్. దానికోసం పనీ సామానూ కలిపి వెయ్యి డాలర్లు, ఊరిని బట్టి ఇంకాస్త పెట్టడం నాకు సబబుగా తోచదు. 3.55 ఉన్న కారుకి మార్చదలిస్తే 4.10 వేయించాలి, లేదా అసలు మార్చకూడదు. 3.31తో వచ్చిన ఆటోమేటిక్ జీటీకైతే 3.73 అర్థవంతమే. అక్కడ తేడా 12 శాతం పైనే.

ఇంకో సంగతి చాలామంది తలవరు. అదే 70 మైళ్ల దగ్గర అయిదో గేరు నుంచి మూడుకి దిగితే 3.55తోనే ఇంజిన్ 4,000 ఆర్‌పీఎమ్ దాటుతుంది. టార్క్ శిఖరం పక్కనే ఉంటుంది. దానికి ఖర్చు లేదు. మాన్యువల్ కారు కొని గేరు దించడానికి బద్ధకించే మనిషికి 4.10 ఒక ఊరట. చెయ్యి చురుగ్గా కదిలే మనిషికి దాని లాభం ట్రాఫిక్ లైటు దగ్గర బయలుదేరడంలోనే ఎక్కువ. పైగా వేగం పెరిగేకొద్దీ డ్రైవ్‌షాఫ్ట్ కూడా ఎక్కువ తిరుగుతుంది. 4.10తో 120 మైళ్ల దగ్గర అది 6,000 ఆర్‌పీఎమ్ దాటుతుంది. బ్యాలెన్స్ సరిగా లేని పాత షాఫ్ట్ అయితే ఆ అదురు కుర్చీదాకా వస్తుంది.

పని నాణ్యత విషయంలో రాజీ వద్దు. పినియన్ ఎంత లోతుగా కూర్చోవాలో షిమ్‌లు పెట్టి సరిచూడాలి. రింగుకీ పినియన్‌కీ మధ్య ఆట, అంటే బ్యాక్‌లాష్, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఫోర్డ్ 8.8 ఆక్సిల్‌లో ఎనిమిది నుంచి పన్నెండు వెయ్యో వంతుల దగ్గర ఉంచుతారు. బేరింగుల మీద బిగువు సరిచూసి, పళ్లకి పసుపురంగు పేస్టు రాసి తిప్పి, రాపిడి ముద్ర పంటి నడిమిన పడుతోందో లేదో చూడాలి. ఈ ముద్ర చూడకుండా కారు అప్పజెప్పే షాపు నుంచి మీకు దొరికేది ఎక్సలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో వచ్చే ఈల. ఆ ఈల తర్వాత నూనె మార్చినా పోదు, మళ్లీ విప్పాలి. కొత్త పళ్లు మొదట పదిహేను ఇరవై మైళ్లు మెల్లగా తిరిగి పూర్తిగా చల్లారాలి. అలా కొన్నిసార్లు చేసి, 500 మైళ్ల దగ్గర నూనె మార్చాలి. లిమిటెడ్ స్లిప్ ఉంటే నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలి. 2015 మోడల్ నుంచి మస్టాంగ్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. అక్కడ డిఫరెన్షియల్ మొత్తాన్ని కిందికి దించాలి కాబట్టి కూలి పెరుగుతుంది.

ఇక ట్యూన్. ఇంజిన్ కంప్యూటర్‌లో ఉన్నవి పట్టికలు. ఎంత గాలి వస్తే ఎంత పెట్రోలు పోయాలి, స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు వేయాలి, పెడల్ ఎంత తొక్కితే త్రాటిల్ ఎంత తెరవాలి, పైహద్దు ఎక్కడ. 1989లో ఫోర్డ్ దేశవ్యాప్తంగా 5.0 మస్టాంగ్‌కి గాలిని నేరుగా కొలిచే సెన్సర్ పెట్టింది. దాంతో ఇంజిన్‌లో మార్పులు చేసినా కంప్యూటర్ కొంతవరకు తానే సర్దుకోగలిగింది. ఆ సౌకర్యం మీదే ఒక పెద్ద పరిశ్రమ లేచింది. మొదట చిప్‌లు వచ్చాయి. 1996 నుంచి అన్ని కార్లకీ ఓబీడీ-2 పోర్టు తప్పనిసరయ్యాక, క్రమంగా స్టీరింగ్ కింద తగిలించే చేతి పరికరాలు రాజ్యమేలాయి.

ట్యూన్ లాభం ఇంజిన్ రకం మీద ఆధారపడుతుంది. టర్బో లేని ఇంజిన్ పీల్చే గాలి దాని పరిమాణానికి కట్టుబడి ఉంటుంది. పట్టికలు ఎంత సవరించినా అక్కడ వచ్చేది పది, పదిహేను హార్స్‌పవర్. టర్బో ఉన్న ఇంజిన్‌లో బూస్ట్ పెంచవచ్చు కాబట్టి ఒక్క సాఫ్ట్‌వేర్‌తోనే అంతకు ఎన్నో రెట్లు రావచ్చు. దానికి తగ్గట్టు క్లచ్, పిస్టన్లు, టర్బో మీద భారం కూడా పడుతుంది. పెట్రోలు రకం ముఖ్యం. అమెరికా పంపు మీద కనిపించే 87, మన దేశంలో బంకుల మీద రాసే 91కి దాదాపు సమానం, కొలిచే పద్ధతి వేరు కాబట్టి. టెక్సస్‌లో 93 దొరుకుతుంది, కాలిఫోర్నియాలో ప్రీమియం అంటే 91. 93 కోసం రాసిన ట్యూన్‌తో డాలస్ నుంచి శాన్‌హోసేకి కాపురం మార్చినవాళ్లు, అక్కడి 91తో ఎండాకాలం ఫ్రీవే ఎక్కితే ఇంజిన్‌లో నాక్, అంటే పెట్రోలు వేళ తప్పి పేలడం, మొదలవుతుంది. కంప్యూటర్ స్పార్క్ వెనక్కి లాగి కాపాడుతుంది గానీ, కొన్న బలం ఆవిరైపోతుంది. ఊరు మారితే ట్యూన్ కూడా మార్పించాలి.

ట్యూన్ వేసిన వెంటనే కారు దూకుతున్నట్టు అనిపించడం గురించి నిజం చెప్పుకోవాలి. తీగ లేని త్రాటిల్ కార్లలో, పెడల్ సగం తొక్కితే త్రాటిల్ ముప్పాతిక తెరిచేలా రాయడం ట్యూనర్‌కి క్షణంలో పని. పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే బలం మాత్రం దానివల్ల ఏమీ మారదు. అందుకే ముందూ వెనకా బలం కొలిచే ఒకే డైనో యంత్రం మీద, ఒకే రకం వాతావరణంలో కొలిచిన కాగితం అడగాలి. అందరికీ ఒకటే ఫైలు అమ్మేవాళ్ల కంటే, మీ కారు పరుగు రికార్డు తీసుకుని, నాక్ ఎక్కడ వచ్చిందో చూసి సవరించి పంపేవాళ్లకి ఇచ్చే డబ్బు సద్వినియోగం.

గేర్లకీ ట్యూన్‌కీ ముడి ఎక్కడ పడుతుందో ఫోర్డే చక్కగా చూపించింది. 2012 మోడల్‌గా వచ్చిన బాస్ 302 మస్టాంగ్‌కి పైవేగాల్లో ఊపిరి పీల్చే ఇన్‌టేక్ పెట్టి, దానికి జతగా 3.73 ఆక్సిల్ మామూలుగానే ఇచ్చింది. దానికి ట్రాక్‌కీ అని ఎర్ర తాళంచెవి ఒకటి వేరుగా అమ్మింది. ఆ చెవి తిప్పితే రేసు ట్రాక్ కోసం రాసిన వేరే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. తర్వాత 2015–17 జీటీలకి ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ అమ్మిన పవర్ ప్యాక్‌లలో మూడోది, జీటీ350 ఇన్‌టేక్‌తో కూడినది, 37 హార్స్‌పవర్ కలిపేదిగానీ టార్క్ దాదాపు పెరిగేది కాదు. బలమంతా పైకి జరిగింది. అలాంటి ఇంజిన్ వెనక చిన్న అంకె ఆక్సిల్ ఉంటే ఊళ్లో తిరిగే మనిషికి కొన్న బలం ఎన్నడూ ఎదురుపడదు. బలం పైన ఉన్న ఇంజిన్‌కి పెద్ద అంకె ఆక్సిల్ కావాలి. కింద వేగంలోనే టార్క్ దండిగా ఇచ్చే టర్బో ఇంజిన్‌కి దాని అవసరం తక్కువ, ట్యూన్ లాభం ఎక్కువ.

ఇంకో ముడి మరీ సాదా విషయం. 2005 తర్వాతి జీటీలో స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే వేగాన్ని ఆక్సిల్ నిష్పత్తితో భాగించి చూపిస్తుంది. 4.10 వేసి కంప్యూటర్‌కి చెప్పకపోతే మీరు 60లో వెళ్తుంటే అది 69 చూపిస్తుంది. మైళ్ల మీటరూ అంతే పరిగెత్తుతుంది, ఆటోమేటిక్ అయితే గేర్లు మారే వేగాలు తప్పుతాయి. అందువల్ల గేర్లు మార్చినవాళ్లకి కంప్యూటర్‌ని తాకక తప్పదు. ఆ అంకె సవరించడం ఒక్కటే కావాలంటే బలం పెంచే ట్యూన్ అక్కరలేదు, ఆ పనికి మాత్రమే పరికరాలు ఉన్నాయి.

చట్టం దగ్గర ఈ రెండూ పూర్తిగా విడిపోతాయి. కేంద్ర స్వచ్ఛ వాయు చట్టం పొగ నియంత్రణని తాకే ఏ మార్పునీ ఒప్పుకోదు. 1990 సవరణలతో ఆ నిషేధం మామూలు వ్యక్తులకీ వర్తించింది. ఆక్సిల్ గేర్ల మీద ఎవరి కన్నూ పడదు. ట్యూన్ మీద పడుతుంది, పడటానికి కారణం ఉంది. 2015 సెప్టెంబరులో పర్యావరణ సంస్థ ఇ.పి.ఏ. ఫోక్స్‌వ్యాగన్ మీద వేసిన అభియోగం సాఫ్ట్‌వేర్ గురించే, దాదాపు 4,82,000 డీజిల్ కార్ల గురించి. 2018లో ఎస్‌సీటీ, బుల్లీ డాగ్ పేర్లతో ట్యూనర్లు అమ్మిన డిరైవ్ సిస్టమ్స్ మీద, దాదాపు 3,63,000 పరికరాల విషయంలో కేసు ఒప్పందంతో ముగిసింది. 2020లో ఇ.పి.ఏ. లెక్క ప్రకారం అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల నుంచి పొగ నియంత్రణ సామాను పీకేశారు. వాటి జీవితకాలంలో అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులని అంచనా. ఆ గాలి పీల్చేది ఆ రోడ్ల పక్క బడుల్లో చదివే పిల్లలు. క్యాటలిటిక్ కన్వర్టర్ పనిని ఆపేసే ట్యూన్‌కి నేను ఏ సందర్భంలోనూ ఒప్పుకోను.

కాలిఫోర్నియాలో అమ్మే, పొగ నియంత్రణని తాకే విడిభాగానికి అక్కడి వాయు వనరుల బోర్డు, అంటే కార్బ్, ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. 2021 జూలై 19 నుంచి అక్కడి స్మాగ్ పరీక్షలో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అసలుదో కాదో కూడా చూస్తున్నారు. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి భద్రతా తనిఖీ తీసేశారు గానీ, మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిన్, డెంటన్, డాలస్, హారిస్ వంటి కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. ట్యూన్ వేసిన వెంటనే కంప్యూటర్‌లోని స్వీయపరీక్షలు చెరిగిపోతాయి. కొన్ని రోజులు నడిపి అవి పూర్తయ్యాకే పరీక్షకి వెళ్లాలి, లేకపోతే ఏ తప్పూ లేని కారు కూడా వెనక్కి తిరిగొస్తుంది. వారంటీ విషయంలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం కొనుగోలుదారు పక్షాన ఉంది. బయటి భాగం వేసినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, ఆ భాగమే చెడగొట్టిందని కంపెనీ చూపాలి. కానీ ట్యూన్ వేసిన టర్బో ఇంజిన్‌లో పిస్టన్ పగిలితే అది చూపడం వాళ్లకి కష్టం కాదు.

జీపుల్లో, పికప్‌లలో ఈ ప్రశ్నకి జవాబు మరీ తేలిక. 32 అంగుళాల టైర్లు తీసి 35 వేస్తే 3.73 ఆక్సిల్ 3.41లా పనిచేస్తుంది. 4.10 వేస్తే ఫ్యాక్టరీ ఇచ్చిన స్థితికి తిరిగి వస్తుంది. ఇది సరదా కాదు, అవసరం. నాలుగు చక్రాలకీ బలం వెళ్లే బండికైతే ముందు ఆక్సిల్ కూడా అదే నిష్పత్తికి మార్చాలి కాబట్టి ఖర్చు రెట్టింపు. బోటో, ట్రెయిలరో లాగే పికప్ కొనేవాళ్లు ఆర్డరు పెట్టే రోజే పెద్ద ఆక్సిల్ అడగాలి. అప్పుడు అయ్యే ఖర్చు తర్వాత మార్పించే ఖర్చులో కొంత భాగమే.

కొత్త కార్లకొస్తే, 2018 నుంచి మస్టాంగ్ ఆటోమేటిక్‌కి పది గేర్లు. మొదటి గేరు 4.70, ఆక్సిల్ 3.15 అయినా రెండూ కలిపి 14.8. అంటే 4.10 వేసిన 2005 జీటీ మొదటి గేరు గుణకారం 13.9 కంటే ఎక్కువ. పదో గేరులో 70 దగ్గర 1,750 ఆర్‌పీఎమ్ చాలు. గేర్‌బాక్సే రెండు వైపులా ఆ పని చేస్తున్నప్పుడు ఆక్సిల్ విప్పడం వృథా. చాలా ఎలక్ట్రిక్ కార్లలో అలా మార్చుకునే గేర్లే ఉండవు. అక్కడ ట్యూన్ అమ్మేది కంపెనీయే. 2019 చివర్లో టెస్లా మోడల్ 3 లాంగ్ రేంజ్ యజమానులకి 2,000 డాలర్లకి వేగం పెంచే సాఫ్ట్‌వేర్ అమ్మింది.

బలం పెంచుకున్నాక దాన్ని వాడే చోటు కూడా చూసుకోవాలి. న్యూజెర్సీలో ఎడిసన్‌కి దగ్గర్లోనే, ఇంగ్లిష్‌టౌన్‌లో 1965 నుంచి నడిచిన రేస్‌వే పార్క్ 2018లో డ్రాగ్ రేసులు ఆపేసింది. డాలస్ వాళ్లకి ఎన్నిస్‌లో టెక్సస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. కాలనీ రోడ్డు దానికి బదులు కాదు.

నా తీర్పు ఇది. 2.73, 3.08, 3.31 ఆక్సిల్ ఉన్న పాత వీ8కి గేర్లు ముందు. 3.55 ఉన్న టర్బో లేని కారుకి 4.10 వేసి, స్పీడోమీటర్ సరిచేసి, అక్కడితో ఆగవచ్చు. టర్బో కారుకి కార్బ్ అనుమతి ఉన్న ట్యూన్ ముందు, గేర్లు బహుశా ఎప్పటికీ వద్దు. ఎనిమిది, పది గేర్ల ఆటోమేటిక్‌కి ఆక్సిల్ జోలికి పోవద్దు. షాపుకి వెళ్లేముందు డ్రైవర్ తలుపు అంచున ఉన్న స్టిక్కర్ మీద ఆక్సిల్ కోడ్ చూడండి, టైరు కొలత రాసుకోండి, హైవే మీద మీరు మామూలుగా వెళ్లే వేగం దగ్గర ఆర్‌పీఎమ్ ఎంతో గమనించండి. గేర్లు వేసే మెకానిక్‌ని పళ్ల ముద్ర ఫోటో అడగండి, ట్యూన్ అమ్మేవాణ్ని ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు అడగండి. ఆ రెంటికీ సూటిగా జవాబు రాకపోతే తాళంచెవులు వాళ్ల చేతికి ఇవ్వకండి.